నాగోబా నీళ్లు, ఓపెన్‌కాస్టు మట్టి

ఏటా కేస్లాపూర్ నాగోబా జాతరకు ముందు మెస్రం వంశస్థులు జన్నారం మండలంలోని హస్తినమడుగు దాకా నడిచి వెళ్లి గోదావరి నీళ్లు తెస్తారు. పుష్య అమావాస్య నాడు ఆ నీళ్లతోనే దేవుడికి అభిషేకం. అదే గోదావరి వెంట కిందికి పోతే మంచిర్యాల, గోదావరిఖని వస్తాయి. అక్కడ ఏటికి ఇరుపక్కలా సింగరేణి బొగ్గు గనులు, రామగుండంలో 2600 మెగావాట్ల ఎన్‌టీపీసీ.

భూగర్భ గనిలో మనిషి కిందికి దిగుతాడు, ఊరు పైన ఉంటుంది. 1975లో సింగరేణిలో మొదలైన ఓపెన్‌కాస్టుల్లో ఊరే లేచిపోతుంది. పైమట్టి తీసి, రాయిని పేల్చి గుట్టలు పోస్తారు. గుంతలో ఊరే నీళ్లను పంపులతో తోడేస్తుంటే చుట్టుపక్కల బావులు అడుగంటుతాయి. ఈ తవ్వకం గోండులుండే తిర్యాణి మండలంలోని డోర్లి దాకా పోయింది.

మరి ఆదివాసీ కళ ఏం చెప్తోంది? ప్రధాన్లు కిక్రి వాయిస్తూ గోండు వంశాల కథలు పాడతారు. ఉషేగావ్, కేస్లాగూడ ఓజాలు మైనం, మట్టి అచ్చులతో ఇత్తడి దేవతలను పోస్తారు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో జీఐ గుర్తింపు వచ్చింది. గుస్సాడీకి బతుకంతా ఇచ్చిన మర్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. ఈ కళల్లో గని పేరు వినపడకపోవచ్చు. కానీ మైనం, నెమలీక, మట్టి, దేవుడి చోటు అన్నీ అడవివే. అడవి పోతే కళకు సరుకూ ఉండదు, సందర్భమూ ఉండదు. సన్మానాలు ఆ లోటు పూడ్చలేవు.

సినిమాకు ఈ నేల ఆలస్యంగానే చేరింది. అల్లాణి శ్రీధర్ 1990లో తీసిన 'కొమరం భీం' 2010లో గానీ థియేటర్లకు రాలేదు. జల్, జంగల్, జమీన్ అన్నవాడి కథకే ఇరవై ఏళ్లు పట్టింది! 2023 నాటి 'దసరా'లో సింగరేణి బొగ్గు కథకు నేపథ్యం మాత్రమే. అదే జార్ఖండ్‌లో శ్రీప్రకాశ్ 1999లోనే 'బుద్ధా వీప్స్ ఇన్ జాదుగోడ' తీశాడు. యురేనియం వ్యర్థాల చెరువు పక్కన బతికే ఆదివాసుల మాటే ఆ డాక్యుమెంటరీకి ఆధారం.

2019లో నల్లమలలో యురేనియం అనగానే మన సినిమావాళ్లూ చెంచుల పక్షాన మాట్లాడారు. ఆ సెప్టెంబరులో అసెంబ్లీ వ్యతిరేక తీర్మానం కూడా చేసింది. మంచిదే. యురేనియం భయపెడుతుంది. బొగ్గు మాత్రం జీతమిస్తుంది, ఇంట్లో దీపం వెలిగిస్తుంది. అందుకే దాని నష్టం గురించి మాట్లాడటం కష్టం. ఆ కష్టమైన సినిమా డోర్లి నుంచే, గోండీలోనే రావాలి.