కండ బలమా, డబ్బా బలమా?

బక్కపల్చని పిల్లవాడు ఇంటికొస్తే మన తెలుగు ఇళ్ళల్లో ప్రతివాళ్ళూ వైద్యులే. "నెయ్యి ధారాళంగా వెయ్యమ్మా" అని ఒకరంటే, "సున్నుండలు చేసి పెట్టు, నెల తిరక్కుండా ఒళ్ళు చేస్తాడు" అని మరొకరు. ఇప్పుడా వరసలోకి డబ్బా కూడా వచ్చి చేరింది. రహమత్ నగర్ నుంచి కృష్ణానగర్ దాకా ఓసారి నడిచి చూడండి. సినిమాల్లో వేషాల కోసం వచ్చిన కుర్రాళ్ళు అద్దె గదుల్లో కాలక్షేపం చేసే చోటు అది. పాతిక కిలోల బియ్యం బస్తా కంటే ఖరీదైన పొడి డబ్బాని, గది అద్దె బాకీ పెట్టయినా సరే, కొనుక్కునే వాళ్ళున్నారక్కడ.

కండల మోజు మనకి కొత్తేం కాదు. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగిన కోడి రామ్మూర్తి నాయుడుగారి సంగతి మన తాతలు కథలు కథలుగా చెప్పుకున్నారు. వ్యాయామోపాధ్యాయుడిగా మొదలుపెట్టి, సొంతంగా సర్కస్ నడిపి, ఒంటికి బిగించిన ఇనుప గొలుసుల్ని ఊపిరి బిగబట్టి తెంచేవారాయన. రొమ్ము మీద ఏనుగుని నిలబెట్టుకునేవారు. 'కలియుగ భీముడు' అని బిరుదు. 1942లో పోయిన ఆయన పూర్తి శాకాహారి అనీ, ప్రాణాయామమే ఆయన కిటుకు అనీ చెబుతారు. ఆ కాలానికి ఏ డబ్బా వుంది గనక!

తర్వాతి తరంలో కృష్ణా జిల్లా నుంచి దండమూడి రాజగోపాలరావుగారు బరువులెత్తి పేరు తెచ్చుకున్నారు. 1963లో 'నర్తనశాల' తీసినప్పుడు భీముడి వేషానికి ఆయన్నే తెచ్చుకున్నారు. నటుడికి కండలు పెంచడం కాదు, కండలున్నవాడికి వేషం వెయ్యడం అన్నమాట! పరిశ్రమ మద్రాసు నుంచి మన జూబిలీహిల్స్‌కి తరలి వచ్చాక లెక్క తిరగబడింది. 2007లో 'దేశముదురు'లో హీరో చొక్కా విప్పి ఆరు పలకల పొట్ట చూపించాడు. 2012లో 'పూలరంగడు' కోసం, అంతదాకా బొద్దుగా నవ్వించిన సునీల్ కూడా అదే దారి పట్టాడు. ఇంక కుర్రాళ్ళు ఊరుకుంటారా?

ఆడపిల్లల మాటకొస్తే, పెళ్ళిచూపుల ముందు "కాస్త ఒళ్ళు చెయ్యాలమ్మా" అనడమే గానీ కండ పట్టాలని అన్నవాళ్ళు లేరు. ఒళ్ళు చెయ్యడం వేరు, కండ పట్టడం వేరు. మొదటిది ఎవరైనా కూర్చుని సాధించవచ్చు. రెండోది ఏమిటో శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి చూపించింది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొట్టమొదటి భారత మహిళ మన తెలుగింటి పిల్లే.

అసలు ఏం తింటే ఏమవుతుందో అని ఎలుకల మీద చూసినాయన ఒకాయన వున్నాడు. 1918లో కూనూరులో పరిశోధన మొదలుపెట్టిన మెకారిసన్ దొర, దేశంలోని ఒక్కో ప్రాంతం భోజనం ఒక్కో ఎలుకల గుంపుకి పెట్టాడు. గోధుమరొట్టె, పప్పు, పాలు, కూరలు తిన్న పంజాబు గుంపు పుష్టిగా ఎదిగింది. మరపట్టిన బియ్యం మీద బతికిన మద్రాసు గుంపు అందరికంటే వెనకబడింది. అప్పట్లో మనవాళ్ళు చాలామంది మద్రాసు రాష్ట్రం వాళ్ళేనని గుర్తుందిగా! ఆ సంస్థే 1958లో హైదరాబాదుకి వచ్చింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అదే.

బక్కచిక్కిన పిల్లల కోసం అక్కడివాళ్ళు తయారుచేసిన పొడి పేరు 'హైదరాబాద్ మిక్స్'. వేయించిన గోధుమలు, వేయించిన శనగపప్పు, వేరుశనగపప్పు, బెల్లం. అంతే! మన అమ్మమ్మలు వింటే "దీనికో సంస్థ కావాలిటే?" అని నవ్వి వుండేవారు. కానీ కొలతలు కట్టి, తక్కువ ఖర్చులో బీదింటి పిల్లకి అందేలా చెయ్యడం చిన్న పనా?

మరి ఆ ఖరీదైన డబ్బాలో ఏముంది? చాలా మటుకు, పాలు విరిగాక మిగిలే తేటని ఎండబెట్టిన పొడి. పై దేశాల్లో చీజ్ ఫ్యాక్టరీలకి ఒకప్పుడు ఆ తేట పెద్ద బెడద. పందులకి పోసేవారు, కాలవల్లోకి వదిలేవారు. అందులోంచి మాంసకృత్తులు వడగట్టే పద్ధతి చేతికొచ్చాక అది బంగారమైంది. అది విషమేమీ కాదు, ఆ మాట కూడా చెప్పాలి. కానీ 'బరువు పెంచే' పొడులున్నాయే, వాటి వెనక చిన్న అక్షరాలు కళ్ళజోడు పెట్టుకుని చదవండి. చాలావాటిలో సగానికి పైగా పిండిపదార్థమే. దాంతో పెరిగేది కండ కాదు, పొట్ట.

2024లో తార్నాకవాళ్ళు వేసిన ఆహార నియమాల పుస్తకంలో, కండల కోసం ప్రొటీన్ పొడుల జోలికి పోవద్దని స్పష్టంగా రాశారు. ఏళ్ళ తరబడి అతిగా తింటే ఎముకలకీ మూత్రపిండాలకీ చేటు రావచ్చట. మూత్రపిండాల జబ్బున్న ఇంట్లో అయితే డాక్టర్నడక్కుండా చెంచా కూడా వద్దు.

వాళ్ళ లెక్కలో మనిషికి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలు. 60 కిలోల కుర్రాడికి 50 గ్రాములు. రెండు గ్లాసుల పాలు, రెండు గుడ్లు, రెండు పూటలా గట్టిపప్పు, గుప్పెడు వేరుశనగలు వుంటే అన్నంలో వచ్చేది కలపకుండానే 40 దాటిపోతుంది. గుడ్డు తిననివాళ్ళు ఇంకో గ్లాసు పాలూ, ఉలవచారుకి బదులు ఉడికిన ఉలవలూ వేసుకోవచ్చు. కసరత్తు చేసేవాడికి ఇంకాస్త కావాలి. ఇంకో గుడ్డో, వేయించిన శనగలో చేరిస్తే సరి. బరువులు మాత్రం వాడే ఎత్తుకోవాలి. మిగిలిన డబ్బుతో ముందు అద్దె బాకీ కట్టుకోమనండి.