బ్రౌన్‌కు తెలుగు నేర్పినవారు

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన సాహిత్యలోకంలో రెండు ధోరణులు కనిపిస్తాయి. ఆయనను తెలుగును బతికించిన మహాపురుషుడుగా కొలవడం ఒకటి. ఆయన పనినంతా వలస పాలనావసరాలకే కుదించి కొట్టిపారేయడం రెండవది. ఈ రెండు ధోరణులూ ఒక ప్రశ్న వేయవు. 1817లో మద్రాసులో దిగిన ఆ పద్దెనిమిదేళ్ల యువకుడికి తెలుగు నేర్పింది యెవరు? ఉపాధ్యాయ వృత్తిలో వున్నవాడిని గనక నాకీ ప్రశ్న ముఖ్యమనిపిస్తుంది.

ఆ గురువు పేరు వెలగపూడి కోదండరామ పంతులు. 1812లో నెలకొన్న సెంట్ జార్జి కోట కళాశాల కుంఫిణీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పేది. ఈ చదువుకు మూలం భాషాభిమానం కాదు, పన్ను వసూలు. 1800లో నిజాం దత్తమండలాలను కుంఫిణీకి ధారాదత్తం చేశాడు. తొలి కలెక్టరు థామస్ మన్రో అక్కడ రైతుతో నేరుగా లెక్క తేల్చుకునే పద్ధతికి పునాది వేశాడు. రైతుతో నేరుగా లెక్క తేల్చాలంటే రైతు మాట తెలియాలి. 1820లో గవర్నరుగా వచ్చిన మన్రో, దేశభాషలు నేర్వవలసిన అవసరాన్ని కళాశాల విద్యార్థులకు నొక్కి చెప్పాడు. ఆ మాట తన మనసుపై ముద్రవేసిందని తరువాత బ్రౌనే రాసుకున్నాడు.

ఇక్కడ గురుశిష్య సంబంధం తలకిందులైందన్న సంగతి గమనించాలి. గురుకులంలో శిష్యుడు గురువుకు సేవ చేస్తాడు. ఈ కళాశాలలో గురువు జీతగాడు, శిష్యుడు రేపటి దొర. శిష్యుణ్ణి మందలించే అధికారం లేని గురువు అతనికి భాష మీద ఆసక్తి కలిగించడం తేలిక కాదు. ఆ కళాశాలలో తెలుగు పరీక్ష నెగ్గి, ఉద్యోగంలో చేరి, భాషను పక్కన పెట్టిన అధికారులకు కొదవలేదు. బ్రౌన్ అలా పక్కన పెట్టలేదు. ఆ ఘనతలో కోదండరామ పంతులుకు వాటా లేదనడం న్యాయం కాదు.

1820 ఆగస్టులో బ్రౌన్ కడపకు వచ్చి కలెక్టరు హాన్‌బరీ కింద చేరాడు. హాన్‌బరీ తెలుగు ధారాళంగా మాట్లాడేవాడు. కచేరీకి వచ్చే రైతులకు తెలుగు తప్ప మరో గతి లేదు. పుస్తకంలో నేర్చిన తెలుగును కడప సీమ కచేరీలో వాడకానికి పెట్టింది ఆ జనమే. వాళ్లు పంతుళ్లు కారు, జీతం పుచ్చుకోలేదు. అయినా గురువులే.

తరువాత మచిలీపట్నంలో తిప్పాభొట్ల వెంకటశివశాస్త్రి, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య ఆయనకు ఛందస్సు, కావ్యపఠనం నేర్పారు. 1826లో మళ్లీ కడపకు వచ్చినప్పుడు బ్రౌన్ ఒక బంగళా కొని, పండితులను పోషించి, తాళపత్రాలకు శుద్ధప్రతులు రాయించాడు. బ్రౌన్ కాలేజీ అనిపించుకున్న ఆ కార్యాలయ నిర్వహణ అయోధ్యాపురం కృష్ణారెడ్డిది. డబ్బు బ్రౌన్‌ది, అందులో అప్పులూ వున్నాయి. పాఠాలు సరిచూసిన కళ్లు పండితులవి.

అసలు కీలకం యిక్కడే వుంది. గురువులు ఆయనకు కావ్యాలు నేర్పారు. శిష్యుడు వాళ్లు చులకన చేసిన వేమన కోసం వెతికాడు. అనేక ప్రతులు పోల్చి 1829లో 693 పద్యాలను ఆంగ్లానువాదంతో అచ్చువేయించాడు. నిఘంటువులో కావ్యభాష పక్కన వాడుక మాటలకూ చోటిచ్చాడు. 1853లో హండే అనంతపురం చరిత్రను, 1855లో తాతాచార్యుల కథలను వెలువరించాడు. అవి ప్రబంధాలు కావు, సామాన్య వచనాలు. ఇది గురువుల ఓటమి అని నేననుకోను. ప్రతిని ప్రతితో పోల్చి పాఠం తేల్చే పనిముట్టు వాళ్లు ఇచ్చిందే. ఆ పనిముట్టుతో శిష్యుడు గురువు అభిరుచిని దాటిపోగలిగాడంటే ఆ బోధన ఫలించినట్టే. శిష్యుణ్ణి తన అభిరుచి దగ్గరే కట్టిపడేసే గురువు ప్రభావం ఆ తరంతోనే ఆగిపోతుంది.

అయితే కీర్తి పంపకంలో న్యాయం జరగలేదు. వసుచరిత్ర, మనుచరిత్ర వ్యాఖ్యానాలతో జూలూరి అప్పయ్య పేరు నిలిచింది. పుటలకు పుటలు రాసిపెట్టిన లేఖకులలో అనేకుల పేర్లు మాసిపోయాయి. నిఘంటువు మాత్రం బ్రౌన్ పేరుతోనే చెలామణీ అవుతోంది. మూలధనం పెట్టినవాడి పేరు సరుకు మీద పడడం ఆ కాలపు ఉత్పత్తి సంబంధాల లక్షణం. సాహిత్యం దానికి మినహాయింపు కాలేదు.

ఇండియా విడిచిన పదేళ్లకు, 1865లో, బ్రౌన్ లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడయ్యాడు. కోదండరామ పంతులు చెప్పిన ఓనమాలు అలా సముద్రం దాటి మరో తరగతి గదికి చేరాయి. 1970లలో బంగోరె బ్రౌన్ లేఖలను వెలికితీశాడు. జానమద్ది హనుమచ్ఛాస్త్రి పూనికతో కడపలో బ్రౌన్ బంగళా వున్న చోటనే గ్రంథాలయం లేచింది. ఆ కృషికి మనం రుణపడివున్నాం. ఇక మిగిలింది విద్యార్థి పరిశోధకుల వంతు. బ్రౌన్ ప్రతుల్లోని చేతిరాతలను, అంచుల్లోని దిద్దుబాట్లను, పండితుల సంతకాలను ఒక్కొక్కటిగా చూడాలి. ఒక శిష్యుడి చరిత్ర మనకు దక్కింది. అతని గురువుల చరిత్ర యింకా రాయవలసే వుంది.