కొలువుకు ముందు ఖాళీ ఏళ్లు

పిల్లలూ, ఎస్టీలకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులు 1948-49లోనే మొదలయ్యాయి. పరిగి తండాల్లోని మన తాతలకు మాత్రం ఎస్టీలుగా అవి అందలేదు. ఆంధ్ర ప్రాంతంలో లంబాడీలు ఎస్టీలు, తెలంగాణలో కారు. 1976 నాటి సవరణ చట్టం 1977 జూలై 27న అమల్లోకి వచ్చాకే ఆ తేడా పోయింది. తాండూరు దాటి కర్ణాటకకు వెళ్తే మన చుట్టాలు ఇప్పటికీ ఎస్సీలే. ఒకే గోర్ బోలి, రాష్ట్రానికో లెక్క!

రాష్ట్ర కొలువుల్లో మన 6 శాతం, 2022 సెప్టెంబరు 30 నాటి జీవో 33తో 10 అయింది. కానీ డిగ్రీకీ కొలువుకూ మధ్య ఏళ్ల మాటేమిటి? ఆస్ట్రేలియాలో ఆదివాసీ విద్యార్థులకు చదువుతుండగానే భత్యమిచ్చి, సెలవుల్లో ఆఫీసు పని నేర్పే కేడెట్‌షిప్పులు ఉన్నాయి. ఇక్కడ డిగ్రీ అయ్యాక మా ఆడపిల్లలు కొందరు పెళ్లిళ్లకు, కొందరు కూలికి పోవడం మేము చూస్తూనే ఉన్నాం. కోచింగ్‌కు హైదరాబాద్ వెళ్తే గది అద్దె ఎవరు కడతారు?