తొలి ఆట తీర్పు

1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు చిత్రం మాటలు నేర్చిన తరువాతి దశాబ్దాలలో, చిత్రాల జాతకాన్ని నోటిమాటే తేల్చే అలవాటు క్రమంగా బలపడింది. ఉదయపు ఆట చూసి వచ్చినవారి అభిప్రాయాన్ని వ్యాపారవర్గాలు ‘టాక్’ అన్నాయి. పంపిణీదారులు ఏ, బీ, సీ సెంటర్లుగా, అంటే స్థూలంగా నగరాలు, పట్టణాలు, పల్లెలుగా విభజించుకొన్న విపణిలో ప్రింట్లు ముందు పెద్ద ఊళ్లకే చేరేవి గనుక, చిన్న ఊరి ప్రేక్షకుడికి బొమ్మకంటే ముందు దాని మీది తీర్పే అందేది. కొడవటిగంటి కుటుంబరావు వంటివారు సినిమాను వ్యాసాలలో శ్రద్ధగా విశ్లేషించినా, ‘పాటలు బాగున్నాయి, రెండో సగం సాగదీశాడు’ అనే టీకొట్టు విమర్శకున్న పలుకుబడి వాటికి దక్కలేదు. అంకెల రేటింగులు రాకముందు శతదినోత్సవమే కొలమానం. అయితే పరువుకోసం బలవంతంగా ఆడించిన చిత్రాలూ ఉన్నందున, దానిని చరిత్రకారుడు పూర్తిగా నమ్మరాదు.