నారికురుపు కాలం

బళ్లారి, ఆలూరు, రాయదుర్గం వైపు ముసలివాళ్ల చీలమండ మీద ముడతపడిన మచ్చ కనిపిస్తే, అది చాలావరకు నారికురుపుదే. 1953లో తాలూకాలు ఆంధ్ర, మైసూరు రాష్ట్రాల మధ్య అటూ ఇటూ అయ్యాయి గానీ దిగుడుబావులు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఎనభైల్లో ఆరోగ్యశాఖ ఉద్యోగిగా నేను తిరిగింది ఆ బావుల చుట్టూనే.

ముందు బొబ్బ లేస్తుంది, నిప్పు పెట్టినట్టు మంట. అది పగిలితే తెల్లటి పురుగు కొస బయటికొస్తుంది. దాన్ని చీపురుపుల్లకు చుట్టి, పైన గుడ్డ కట్టి, రోజుకు అంగుళమో రెండంగుళాలో లాగేవాళ్లు. ఆడపురుగు పొడవు రెండు మూరల దాకా ఉంటుంది. తొందరపడితే తెగిపోయి, లోపల మిగిలిన ముక్క చుట్టూ చీము పట్టేది. ఎండాకాలం కళ్లం పనులు చేయాల్సిన మనిషి వారాల తరబడి మంచంలోనే. ఏ బావి నీళ్లు తాగినారని అడిగితే, "యాడాది కిందటి మాట నాయనా, యాడ తాగినామో ఏం తెలుస్తాది?" అనేవాళ్లు. న్యాయమే. పురుగు ఎదిగి బయటపడడానికి ఇంచుమించు ఏడాది పడుతుంది.

మంట చల్లారడానికి కాలు బావిలో పెట్టగానే పురుగు వేలకొద్దీ పిల్లల్ని వదులుతుంది. నీళ్లలోని సైక్లోప్స్ అనే సన్నటి జీవులు వాటిని మింగుతాయి, ఆ నీళ్లు మనం తాగుతాం. ఈ దారిని 1870లో తుర్కెస్తాన్‌లో రష్యన్ శాస్త్రవేత్త ఫెద్చెంకో కనిపెట్టాడు.

మరి నీళ్లతో లోపలికి వచ్చిన పురుగును ఆపకుండా పేగు ఏం చేస్తోంది? దానికి చేతకాక కాదు. లోపలి పొర మందం ఒక్క కణమే, అయినా మూడు నుంచి అయిదు రోజులకొకసారి కొత్తదవుతుంది. అందులోని టఫ్ట్ కణాలు పురుగుల్ని పసిగట్టి కబురు పంపుతాయని 2016లో తేలింది. ఆ కబురుతో గోబ్లెట్ కణాలు పెరిగి జిగట ఎక్కువవుతుంది, నీరు ఊరుతుంది, పేగు గట్టిగా కదిలి పురుగుల్ని కిందికి తోస్తుంది. పేగులో తిష్ఠవేసే పురుగుల మీద ఇదంతా పనికొస్తుంది. నారిపురుగు అక్కడ కాపురం పెట్టదే! కడుపులో సైక్లోప్స్ అరిగిపోగానే పిల్లపురుగు పేగుగోడను తొలుచుకుని అవతలికి దాటిపోతుంది. ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ రాదన్న భరోసా కూడా లేదు. మందూ లేదు, టీకా లేదు, ఈనాటికీ.

అందుకే కాపలా బావి దగ్గరే పెట్టాల్సి వచ్చింది. 1930లలో పక్కనున్న చిత్రదుర్గం జిల్లాలో మైసూరు ఆరోగ్యశాఖకు చెందిన వి.ఎన్. మూర్తి, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్‌కు చెందిన డబ్ల్యు.సి. స్వీట్ సైక్లోప్స్‌ను తినే చిన్న చేపల్ని దిగుడుబావుల్లో వదిలి చూశారు. 1983-84లో జాతీయ కార్యక్రమం మొదలైంది. 1984 లెక్కలో దేశంలో తేలినవి దాదాపు 40 వేల కేసులు. బావి నీళ్లలో సైక్లోప్స్‌ను చంపే టెమిఫాస్ మందు కలిపాం, మెట్లు మూయించి చేదబావులు చేయించాం, బోరింగులు వేయించాం. అన్నిటికంటే కష్టమైంది నీళ్లు వడగట్టడానికి కడవ మూతికి గుడ్డ కట్టించడం. "మా అవ్వ కాలం నుంచి తాగుతున్న నీళ్లకు ఏం రోగం?" అని ఆడవాళ్లు ఎదురడిగితే, సీసాలో నీళ్లు పోసి ఎండకు పట్టి చూపేవాణ్ణి. తెల్లటి చుక్కలు గంతులేసేవి. ఆ తర్వాత వాదన ఉండేది కాదు.

మన దేశంలో చివరి కేసు 1996 జూలైలో, రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ జిల్లాలో. ఇక్కడ నారికురుపు పోయిందని 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. ఆఫ్రికాలో ఇంకా పూర్తిగా పోలేదు. చాద్‌లో ఇప్పుడది మనుషుల కంటే కుక్కల్లోనే ఎక్కువ. కుక్క పేగు కూడా దాన్ని ఆపలేదని మూర్తి, స్వీట్ 1930లలోనే ప్రయోగం చేసి చూపారు.