మేక్ నుంచి స్టార్‌లార్క్ వరకు: సాఫ్ట్‌వేర్ నిర్మాణ భాషల చరిత్ర – ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

ప్రోగ్రామరు రాసిన మూలఫైళ్లను కంపైల్ చేసి, ఒకటిగా కూర్చి, నడిచే ప్రోగ్రాముగా తయారుచేయడాన్ని 'బిల్డ్' అంటారు. ఈ పనిని యంత్రానికి అప్పగించాలంటే ఆదేశాలను ఏదో ఒక భాషలో రాయాలి. ఆ భాషకు ఎంత శక్తి ఉండాలన్న ప్రశ్న చుట్టూ ఈ సాధనాల చరిత్ర ఎలా సాగిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. పరిమిత భాష:

1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ 'మేక్'ను రూపొందించారు. సహోద్యోగి ఒకరు దోషాన్ని సరిదిద్దినా, ఆ ఫైలు మళ్లీ కంపైల్ కాకపోవడంతో, సరైన ప్రోగ్రాములోనే తప్పు వెతుకుతూ ఉదయమంతా వృథా చేసుకోవడం దీనికి ప్రేరణ. ఏ ఫైలు దేనిపై ఆధారపడిందో రాసిస్తే, మార్పు సమయాలను పోల్చి, అవసరమైనవాటినే మేక్ తిరిగి తయారుచేస్తుంది. అయితే ఆదేశపంక్తి ట్యాబ్‌తోనే మొదలుకావాలన్న నియమం కంటికి కనిపించని దోషాలకు తావిచ్చింది. అప్పటికే డజనుమంది వాడుతున్నందువల్ల ఫెల్డ్‌మన్ దానిని మార్చలేదు.

3. సంపూర్ణ భాష:

ప్రాజెక్టులు పెరిగేకొద్దీ నిర్మాణ ఆదేశాలలోనూ షరతులు, లూపులు అవసరమయ్యాయి. 2000లో వెలువడిన 'యాంట్' నిర్మాణ వివరాలను ఎక్స్‌ఎంఎల్‌లో రాయించింది. స్క్రిప్టింగ్ భాషను ఎంచుకొని ఉండవలసిందని దాని కర్త జేమ్స్ డంకన్ డేవిడ్‌సన్ తరువాత అభిప్రాయపడ్డారు. అదే ఏడాది సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ పోటీలో గెలిచిన స్టీవెన్ నైట్ రూపకల్పన 'ఎస్‌కాన్స్'గా పరిణమించింది. ఇందులో నిర్మాణఫైలు స్వయంగా పైథాన్ ప్రోగ్రామే కనుక షరతు కోసం, లూపు కోసం వేరే వ్యాకరణం నేర్వనక్కరలేదు. పైగా ఎస్‌కాన్స్ సమయాన్ని కాక, ఫైలులోని విషయాన్ని బట్టి లెక్కించిన సంకేతాన్ని పోలుస్తుంది. విషయం మారకుండా సమయం మాత్రమే మారితే మళ్లీ కంపైల్ చేయదు. రూబీ భాషలో జిమ్ వైరిచ్ రూపొందించిన 'రేక్' కూడా ఈ మార్గానికి చెందినదే.

4. స్వేచ్ఛకు హద్దులు:

సంపూర్ణ భాషలో రాసిన బిల్డ్ గడియారాన్ని చూడగలదు, నెట్‌వర్క్‌ను సంప్రదించగలదు. అప్పుడు ఒకే మూలం నుంచి రెండుచోట్ల రెండు ఫలితాలు రావచ్చు. గూగుల్ 2015లో బహిరంగపరచిన 'బేజెల్' వాడే స్టార్‌లార్క్ భాష రూపంలో పైథాన్‌ను పోలినా, అందులో 'వైల్' లూపు లేదు. తనను తాను పిలుచుకునే ఫంక్షన్లకు అనుమతి లేదు.

5. ఉపసంహారం:

మేక్ భాష చిన్నది కావడానికి కారణం దాని ప్రయోజనం చిన్నది కావడం. స్టార్‌లార్క్‌కు హద్దులు మాత్రం తెలిసి విధించినవి. మరొకరు అదే మూలం నుంచి అదే ప్రోగ్రామును తిరిగి పొందగలిగినప్పుడే ఆ ప్రోగ్రాముపై విశ్వాసం నిలుస్తుంది. ఆ విశ్వాసం కోసం భాష తన శక్తిలో కొంత వదులుకోవడం ఈ చరిత్రలోని ముఖ్యమైన మలుపు.