మెహదీ కర్రూబీ

మెహదీ కర్రూబీ ఇరాన్ సంస్కరణవాద నాయకుడు, షియా మతాచార్యుడు. 1989–92, 2000–04 మధ్య రెండు విడతలు మజ్లిస్ (పార్లమెంటు) స్పీకరుగా పనిచేశారు. లొరెస్తాన్ ప్రాంతంలోని అలీగూదర్జ్‌లో పుట్టారు. పుట్టిన ఏడు 1937 అని ఎక్కువ ఆకరాలు చెబుతాయి. విప్లవ నేత ఖొమైనీ శిష్యుడైన ఆయన ఇస్లామిక్ విప్లవం తరువాత అమరవీరుల ఫౌండేషన్‌కు అధిపతి అయ్యారు.

రాజీకి పేరుపడ్డ కర్రూబీ 2009 అధ్యక్ష ఎన్నికల తరువాత ఉన్నట్టుండి తిరుగుబాటుదారుడయ్యారన్నది తరచు వినిపించే మాట. అది పూర్తిగా నిలవదు. వ్యవస్థ లోపలే ఉండి, సభ హక్కునూ ఓటునూ కాపాడాలన్నది ఆయన మొదటినుంచీ పట్టుకున్న దారి. 2000 ఆగస్టులో పత్రికా చట్ట సవరణపై చర్చ వద్దని సర్వోన్నత నేత ఖమేనీ లేఖ పంపితే తలొగ్గారు కదా అని విమర్శకులు అడుగుతారు. నిజమే. ఆ అధికారం రాజ్యాంగమే ఇచ్చిందని ఆయన సభ్యులకు నచ్చజెప్పారు. అయితే సభలో చేసిన ప్రసంగానికి హమదాన్ సభ్యుడు హుసేన్ లొక్మానియాన్‌ను న్యాయవ్యవస్థ జైల్లో పెట్టినప్పుడు, 2002 జనవరిలో, అదే స్పీకరు సభ నుంచి లేచి వెళ్లిపోయారు. ఖమేనీ క్షమాభిక్షతో లొక్మానియాన్ విడుదలయ్యారు.

2005 అధ్యక్ష ఎన్నికల్లో వయోజనులందరికీ నెలకు 50 వేల తొమాన్లు ఇస్తానన్న కర్రూబీకి సుమారు 17 శాతం ఓట్లు వచ్చాయి, మూడో స్థానం దక్కింది. లెక్కింపులో అక్రమాలు జరిగాయంటూ ఖమేనీకి లేఖ రాసి పదవులు వదులుకున్నారు. ఎతెమాదె మెల్లీ పార్టీనీ, అదే పేరుతో పత్రికనూ స్థాపించారు. 2009లో మళ్లీ పోటీ చేస్తే అధికారిక లెక్క ఆయనకిచ్చింది ఒక శాతం కూడా కాదు, చెల్లని ఓట్లకన్నా తక్కువ. సంస్కరణవాదుల ఓట్లు మరో అభ్యర్థి మూసవీ వైపు మళ్లి ఉండవచ్చన్న వాదనలో బలం ఉంది. కానీ 2005లో అగ్రస్థానం కట్టబెట్టిన సొంత లొరెస్తాన్‌లోనూ ఆ స్థాయి పతనాన్ని అదొక్కటే వివరించలేదు.

జైళ్ల విషయంలో మాత్రం ఆయన మారారనే చెప్పాలి. 1988 సామూహిక మరణశిక్షలను నిరసించిన, ఖొమైనీ వారసుడిగా ఎంపికైన మొంతజెరీని తప్పుపడుతూ 1989లో వెలువడ్డ బహిరంగ లేఖపై సంతకం చేసిన ముగ్గురిలో కర్రూబీ ఒకరు. ఇరవై ఏళ్లకు, 2009 ఎన్నికల తరువాతి నిరసనల్లో పట్టుబడ్డ నిర్బంధితులపై అత్యాచారాలు జరిగాయని మాజీ అధ్యక్షుడు రఫ్సంజానీకి లేఖ రాసి, దాన్ని బయటపెట్టిందీ ఆయనే. లేఖ బయటపడ్డ నెలలోనే ఆయన పత్రిక మూతపడింది.

2011 ఫిబ్రవరిలో విచారణ లేకుండానే ఆయన్ను గృహనిర్బంధంలో పెట్టారు. బహిరంగ విచారణ కోరుతూ, ఇంట్లోని భద్రతా సిబ్బందిని తొలగించాలంటూ 2017 ఆగస్టులో నిరాహారదీక్షకు దిగారు. సిబ్బందిని తీసేస్తామన్న హామీతో దీక్ష విరమించారు. కోరిన విచారణ మాత్రం జరగలేదు.